చక్రాల్లేని ధర్మవరం బస్సు

హిందూపురంలో పాత లారీ బాడీల షెడ్డు ఉన్న జాగాలో ఇప్పుడు మూడంతస్తుల బట్టల దుకాణం లేచింది. లిఫ్టు కూడా పెట్టారు. ఆ లిఫ్టు ఎక్కినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పైకి పోతుంది, కిందికి వస్తుంది, ఒక కుదుపు లేదు, ఒక హారన్ లేదు, ఎవరినీ తిట్టదు. ఇదే జాగాలో పదేళ్ల పాటు ఒక బస్సు ఉండేదనీ, నిలబడిన చోటు నుంచి అంగుళం కదలకుండా మనుషుల్ని ధర్మవరం దాకా తీసుకుపోయేదనీ చెబితే, దుకాణంలో చీరలు మడతపెట్టే పిల్లలు నా వైపు జాలిగా చూస్తారు. వాళ్లకు చెప్పి లాభం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆ బస్సు బాబాఫక్రుద్దీన్‌ది. పెనుకొండ దర్గా బాబయ్య పేరు పెట్టుకున్నవాళ్లు మా వైపు వీధికి నలుగురుంటారు, హిందువుల్లోనూ ఉంటారు. ఈయన్ని కూడా ఊరంతా బాబయ్యనే పిలిచేది. నేను మామా అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, మా నాయనా ఆయనా ఒకే వీధిలో గోలీలాడి పెరిగారు, అంతే. ఇరవై రెండేళ్లు ఆయన హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి ఒక ప్రైవేటు బస్సు నడిపాడు. పొద్దున ఆరూ నలభైకి బయలుదేరేది. తన హారన్ విని సోమందేపల్లిలో ఆడవాళ్లు పొయ్యి మీద పాలు దించుతారని ఆయనే చెప్పుకునేవాడు. నిజమో కాదో సోమందేపల్లి వాళ్లనడగాలి.

తొంభై ఐదులో లైసెన్సు రెన్యూవల్‌కని కళ్లు చూపించుకోమన్నారు. డాక్టరు గోడ మీది బోర్డు చదవమన్నాడట. "అచ్చరాలు రోడ్డు మీద యాడుంటాయి సార్? గుంతలుంటాయి. గుంతలడుగు, చెప్తా" అన్నాడట మా మామ. డాక్టరు గుంతలడగలేదు. కంటి నరం కొద్దికొద్దిగా ఎండిపోతోందనీ, దీనికి ఆపరేషన్ లేదనీ, పక్క చూపు ముందు పోతుంది, ఎదుటి చూపు నిదానంగా పోతుందనీ చెప్పి చుక్కల మందు రాసిచ్చాడు. లైసెన్సు మాత్రం వెంటనే పోయింది.

ఆ తర్వాత కూడా ఆయన రోజూ ఆరున్నరకే బస్టాండుకు పోయి, కొత్త డ్రైవరు కిటికీ పట్టుకుని నిలబడేవాడు. "చెన్నేకొత్తపల్లి దాటినాక మూడో మోరీ తావ ఎడమకు పట్టాల. కుడికి పట్టినావంటే ఎనక సీటోళ్ల తల టాపుకు తగుల్తాది" అని కల్వర్టు కల్వర్టుకూ పాఠం చెప్పేవాడు. నెల రోజులు విని, కొత్త డ్రైవరు యజమాని దగ్గర మొర పెట్టుకున్నాడు. యజమాని మంచివాడు, వచ్చి మామ రెండు చేతులూ పట్టుకుని "బాబయ్యా, నువ్వు ఇంట్లో ఉండప్పా" అన్నాడు. మామ ఇంటికొచ్చి మంచమెక్కాడు. దిగలేదు.

నాలుగో రోజు ఆయన భార్య అజీజున్నీసా నన్ను పిలిపించింది. అజీజత్త మాటలు తక్కువ మనిషి. మంచం వైపు వేలు చూపించి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"రేయ్ నరేషూ" అన్నాడు మామ గోడ వైపు తిరిగి. "దినానికొకసారి ఆ దారెంబడి పోకపోతే నేను మనిసిని కాదురా."

నేను పెళ్లిళ్లకు వీడియో తీసేవాణ్ణి. నాలుగు వందల పెళ్లిళ్లు తీశాను. నా క్యాసెట్ చూసి ఏడవని పెళ్లికూతురు హిందూపురంలో లేదని గర్వంగా చెప్పగలను. ఊరికే పడుకుంటే మనిషి పాడైపోతాడని, తర్వాతి ఏడు బెంగళూరులో ఒక పెళ్లికి లైటు పట్టుకోవడానికి ఆయన్ని వెంట తీసుకుపోయాను. పెళ్లి అయిన మరునాడు అక్కడ ఎగ్జిబిషన్ ఉందంటే చూడబోయాం. అక్కడ కొత్తగా ఒక వింత వచ్చింది. మూసిన డబ్బా, లోపల తెర, ఊగే కుర్చీలు. తెర మీద మంచుకొండల్లో ఒక బండి దొర్లుకుంటూ పోతుంటుంది. దానికి తగ్గట్టు మన కుర్చీ మనల్ని ఎత్తి కుదేస్తుంది. జనం గావుకేకలు. నేనూ మామ చేయి పట్టుకుని కేకలు పెట్టానని ఒప్పుకుంటున్నాను. ఆయన మాత్రం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

బయటికి రాగానే మొదలుపెట్టాడు. "ఆ డ్రైవరెవుడురా? మలుపులో హారన్ కొట్టడు. లోయ కనపడతాంటే బ్రేకు తొక్కడు. వానికి లైసెన్సిచ్చినోడు యాడుండాడు?"

"మామా, అది బొమ్మ. డ్రైవరు లేడు."

"డ్రైవరు లేడా?"

"లేడు."

"బండి యాడికీ పోదా?"

"పోదు."

ఆయన ఆ డబ్బా చుట్టూ ఒకసారి నడిచొచ్చాడు. "అయితే లైసెన్సు అక్కర్లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో మనిషి నిటారుగా నిలబడ్డాడు. ఇంకో రెండుసార్లు టికెట్ కొని ఎక్కాడు. మూడోసారి ఎక్కలేదు, డబ్బా కిందికి దూరాడు. కావలివాడు కాళ్లు పట్టి బయటికి లాగేటప్పటికి చూడాల్సిందంతా చూసేశాడు.

హిందూపురం రాగానే పని మొదలైంది. తుక్కుకు పోయిన బస్సు ముందు సగం తెచ్చాడు. లారీ బాడీల షెడ్డులో ఒక మూల దాన్ని ఊగేటట్టు లారీ స్ప్రింగు పట్టీల మీద నిలబెట్టించాడు. రెండు పక్కలా పొడుగాటి ఇనుప పైపులు వెల్డింగ్ చేయించాడు. వాటిని పట్టుకుని నొక్కడానికి చింతపండు మండీలో మూటలు మోసే రఫీక్‌నూ, ఇంకో ముగ్గురు హమాలీలనూ కుదిర్చాడు. డ్రైవరు సీటూ, స్టీరింగూ, గేరు రాడ్డూ, బ్యాటరీ హారనూ అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. కాలి కింద ఒక తొక్కుడు మీట, దానికి తాడు, తాడు చివర బయట ఒక గంట. ఒక గంట మోగితే బస్సు ఎడమకు వాలాలి, రెండు మోగితే కుడికి, మూడు మోగితే గుంత. గుంతకు నలుగురూ పైపులు ఒకేసారి వదిలేయాలి. అంటే కుదుపులన్నీ మామ కాలి కింద ఉండేవి. కిటికీలకు నల్ల రంగు కొట్టి, ముందు అద్దం ఉండాల్సిన చోట పెద్ద టీవీ, దాని పక్కన క్యాసెట్లు ఆడించే నా వీసీపీ పెట్టాడు. ఇంత చేసినా ఆయనకు తృప్తి లేదు. "డీజిల్ వాసన లేకుండా బస్సేందిరా?" అని బావుల దగ్గర నీళ్లు తోడే ఆయిల్ ఇంజను ఒకటి తెచ్చి బస్సు వెనక పెట్టించాడు. అది ఏ పనీ చేయదు. దడదడమని మోగుతుంది, పొగ వదులుతుంది, అంతే. దాని మోతలో టీవీ శబ్దం ఎవరికీ వినబడేది కాదు.

ఇక బొమ్మ నా వంతు. నేను ఆయన పాత బస్సు ముందు కూర్చుని హిందూపురం నుంచి ధర్మవరం దాకా రోడ్డంతా తీశాను. పక్కనే మామ. "బొమ్మ ఊగుతాండాది" అన్నాడు. బస్సు ఊగుతోంది మామా అన్నాను. "నేను నడిపేటప్పుడు ఊగేది కాదు" అన్నాడు. తీసింది రెండున్నర గంటలొచ్చింది. అంతసేపు కదలని బస్సులో ఎవడు కూర్చుంటాడని నేను, ఒక్క ఊరు తీసేసినా ఒప్పుకోనని ఆయన, వారం రోజులు మాటలు మానుకున్నాం. చివరికి పదహారు నిమిషాలకు కుదించాను. నా జీవితంలో అంత కష్టపడి ఎడిటింగ్ చేసింది లేదు. సోమందేపల్లి దాటగానే సైకిల్ వాడొకడు రోడ్డుకు అడ్డంగా వస్తాడు చూడండి, అది నా తీతలో మణిపూస. చూసి మామ ఏమన్నాడు? "నా రోడ్డు కోసినావు గదరా." ఆ బొమ్మ బాగుందని ఆయన నోటి నుంచి ఒక్కమాట విందామని పదేళ్లు కాచుకున్నాను. పెళ్లికూతుళ్లు ఏడ్చినా నాకు ఆ లోటు తీరలేదు.

తొంభై ఏడులో బస్సు మొదలైంది. మొదటి రోజు రొళ్ల నుంచి వచ్చిన ఒకాయన చెన్నేకొత్తపల్లి దగ్గర వాంతి చేసుకున్నాడు. నేను భయపడి క్యాసెట్ ఆపాను. మామ వెనక్కి తిరిగి చూశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు బస్సయిందిరా" అన్నాడు. ఆ మనిషికి ఆయనే నిమ్మకాయ సోడా తాగించి, చేయి పట్టి దింపాడు.

కండక్టరు అజీజత్త. మెడలో తోలు సంచి, నోట్లో విజిల్. మాటలు తక్కువ మనిషికి విజిల్ బాగా అమరింది. అయితే ఆమెకు ఒక పద్ధతి ఉండేది, యాడికో చెప్పకపోతే టికెట్ కొట్టదు. "ఊరికే ఎక్కుతామమ్మా" అంటే "ఊరికే యాడికీ పోదు, ఊరు చెప్పు" అనేది. పెనుకొండకు ఒక రేటు, ధర్మవరానికి ఒక రేటు. పెనుకొండ టికెట్ తీసుకున్నవాళ్లను పెనుకొండలో దించేయాల్సిందే. నేను క్యాసెట్ ఆపాలి, ఆమె తలుపు తీసి విజిల్ వేయాలి, వాళ్లు సగం బొమ్మలో దిగిపోవాలి. దిగనని మొండికేస్తే "మీదికి టికెట్ తీసుకో" అని తలుపు దగ్గర నిలబడేది. ఇది ఆటమ్మా అని ఎంత చెప్పినా వినేది కాదు. విచిత్రమేమంటే కొన్నాళ్లకు పెనుకొండ వాళ్లు తమంతట తామే పెనుకొండ టికెట్ తీసుకుని, తమ ఊరు రాగానే దిగిపోవడం మొదలుపెట్టారు.

పరిగి కుళ్ళాయమ్మ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. ఒక మూట, ఒక కోడిపెట్ట పట్టుకుని "ధర్మవరం పోతాదా నాయనా?" అని వచ్చింది. "పోతాది" అన్నాడు మామ. ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు. ఆమె ముందు సీట్లో కూర్చుని, పదహారు నిమిషాలు కోడిని ఒళ్లో అదిమిపట్టుకుని, అందరితో పాటు దిగి, కూతురింటి వీధి కోసం వెతికింది. ఎదురుగా హిందూపురం లారీ షెడ్డు కనబడింది. ఆ తర్వాత ఆమె తిట్టిన తిట్లు రాయడానికి నాకు సిగ్గు. మామ తలవంచుకుని అన్నీ విని, తానే బస్టాండుకు తీసుకుపోయి అసలు బస్సెక్కించి వచ్చాడు. వారం తర్వాత తిరిగొచ్చింది. మళ్లీ తిట్టడానికే అనుకున్నాం. "ఆ బస్సు కంటే నీ బస్సే నయమప్పా. ఆడ కూసునేకి జాగా ల్యా" అని ధర్మవరం టికెట్ తీసుకుంది. అప్పటి నుంచి బస్సు తలుపు దగ్గరే ఉడకేసిన శనక్కాయలు అమ్ముకునేది.

మా వైపు బస్సుల్లో ఒక అలవాటుంది. దర్గా గానీ గుడి గానీ వస్తే డ్రైవరు నిదానిస్తాడు, జనం కిటికీలోంచి చిల్లర విసిరి దండం పెట్టుకుంటారు. నా బొమ్మలో పెనుకొండ దగ్గర రోడ్డు పక్కన పచ్చజెండా, హుండీ పెట్టె కనబడతాయి. మొదట కుళ్ళాయమ్మే విసిరింది. రూపాయి బిళ్ల పోయి టీవీ అద్దానికి తగిలింది. మరునాటి నుంచి అందరూ విసరడమే. విసరవద్దని చెప్పమంటే మామ ఒప్పుకోలేదు. "బాబయ్యకేసేది వద్దనేకి నేనెవురు?" అని టీవీకి కోళ్లగూటి జాలీ బిగించాడు. నా పదహారు నిమిషాల కళాఖండాన్ని జనం పదేళ్ల పాటు కోళ్లజాలీలోంచి చూశారు. పడిన చిల్లరంతా ఏటా దర్గాకు చేరేది. నా బాధ ఎవరికీ చేరలేదు.

ఏటా దర్గా ఉరుసుకు బస్సును ట్రాక్టరు ట్రాలీ మీద పెనుకొండకు తరలించేవాళ్లం. దారి పొడవునా మామ డ్రైవరు సీట్లోనే కూర్చుని స్టీరింగు తిప్పుతూ, ముందున్న ట్రాక్టరు పక్కకు జరగడం లేదని హారన్ కొట్టేవాడు.

నవ్వుకుంటూనే పదేళ్లు గడిచాయి. హైవే వెడల్పు చేశారు. "ఈ చెట్టు ఇప్పుడు లేదు, ఆ హోటలు ఇప్పుడు లేదు" అని జనమే బొమ్మలో తప్పులు పట్టారు. వీసీపీలు బాగుచేసేవాళ్లు కరువయ్యారు. మామ చుక్కల మందు మాత్రం ఆగలేదు. ఒకరోజు ఆయనే అన్నాడు, "బొమ్మ కనపడినన్ని దినాలే నేను డ్రైవర్నిరా. కనపడని పొద్దు నేనే దిగిపోతా. కండ్లు లేనోడు స్టీరింగ్ పట్టుకునేది ప్యాసింజర్లకు ద్రోహం." సరేలే మామా అన్నాను. దిగిపోతే ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. ఆ మంచం మీదికి, ఆ గోడ వైపుకు. అందుకే ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. అయినా ప్రతి ట్రిప్పుకూ బొమ్మ ఊగుతోందని తిడుతూనే ఉన్నాడు కాబట్టి ఇంకా కనబడుతోందిలే అనుకున్నాను. ట్రిప్పు అయిపోగానే "తిప్పినావా?" అని అడిగేవాడు. నేను క్యాసెట్ వెనక్కి తిప్పేవాణ్ణి. అది కిర్రుమని తిరిగి టక్కుమని ఆగాకే సీటు దిగేవాడు.

రెండువేల ఏడు ఉరుసు. పెనుకొండ. సాయంత్రం ఐదు గంటల ట్రిప్పు, పదిహేడు మంది ఎక్కారు. వాళ్లల్లో కుళ్ళాయమ్మ ఉంది. అజీజత్త విజిల్ వేసింది, మామ గేరు మార్చాడు, బస్సు హిందూపురం వదిలింది. సోమందేపల్లి దాటుతుండగా కరెంటు పోయింది. టీవీ ఆరిపోయింది. లోపల చీకటి, తలుపు సందులోంచి గీతలాంటి వెలుతురు. వెనక ఆయిల్ ఇంజను మాత్రం దడదడలాడుతూనే ఉంది.

నేను "మామా" అనబోయాను. అప్పుడే హారన్ మోగింది. ఒక గంట మోగింది, బస్సు ఎడమకు వాలింది. మామ చీకటి టీవీ వైపు మెడ చాచి, "ఏమప్పా, ఇంట్లో చెప్పొచ్చినావా?" అని అరిచాడు.

నా సైకిల్ వాడు. సరిగ్గా ఆ క్షణానికి అడ్డం రావాల్సినవాడు. ఆయన బొమ్మ చూడడం లేదు. కరెంటు పోయిందన్న సంగతే ఆయనకు తెలియదు. ఈ రోజే కాదు, ఎన్నాళ్ల నుంచో, ఎన్ని నెలల నుంచో తెలియదు. పక్కనే కూర్చుని పదేళ్లుగా నా బొమ్మ సంగతే ఆలోచించాను గానీ ఆయన కళ్ల సంగతి చూడలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

వెనక సీట్లోంచి ఒకాయన లేచాడు. "ఏమ్మా, బొమ్మ పోయింది గదా!"

అజీజత్త ఆయన మీదికి వంగింది. గొంతు తగ్గించి, "నీ టికెట్ యాడికప్పా?" అంది.

"ధర్మవరానికి."

"పోతాండాది గదా. కూసో."

ఆయన కూర్చున్నాడు. నేను అజీజత్త వైపు చూశాను. ఆ వెలుతురు గీతలో ఆమె నా వైపు చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు.

బస్సు నిదానించింది. మామ కుడిచేయి గుండె మీద పెట్టుకున్నాడు. "బాబయ్య వచ్చినాడు" అంది కుళ్ళాయమ్మ చీకట్లో, అని బిళ్ల విసిరింది. అది జాలీకి తగిలి ఖంగుమంది. వెంటనే ఇంకోటి, ఇంకోటి. అజీజత్త తలుపు తీసింది. "పెనుకొండ, పెనుకొండ!" ఇద్దరు మొగవాళ్లు పెనుకొండ టికెట్ల వాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. "వస్తామప్పా బాబయ్యా" అని దిగిపోయారు. తెరిచిన తలుపులోంచి పడిన వెలుతురులో నల్లటి టీవీ అందరికీ కనబడింది. మామకు తప్ప.

తర్వాత చెన్నేకొత్తపల్లి. ఒకటో మోరీ, రెండో మోరీ. మూడోదానికి గంట మోగకముందే బస్సులో పదిహేను మందీ ఎడమకు వాలి సీటు కమ్మీలు పట్టుకున్నారు. మామ సరిగ్గా ఎడమకే పట్టాడు. ఎవరి తలా టాపుకు తగల్లేదు. "ధర్మవరం! అందరూ దిగండప్పా, మూటలు మర్చిపోవద్దండి" అన్నాడు. దిగారు. డబ్బులు వాపసు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మామ తువ్వాలుతో స్టీరింగు తుడుస్తూ కూర్చున్నాడు.

"నరేషూ."

"ఏం మామా?"

"ఈ పొద్దు బొమ్మ బాగా పడిందిరా. ఏమీ ఊగల్యా."

పదేళ్లు కాచుకున్న మాట. కళ్లు తుడుచుకుని, "అవును మామా. వీసీపీకి కొత్త హెడ్డు ఏయించినా" అన్నాను.

"అది ముందే ఏయించింటే ఏం పోయిండేది? పదేండ్లు నా ప్యాసింజర్ల కండ్లు చెడగొట్టినావు గదరా!" అని తిట్టాడు. తిట్టి, సీటు దిగకుండా అలాగే కూర్చున్నాడు. "తిప్పినావా?"

బయట అజీజత్త తర్వాతి ట్రిప్పుకు జనాన్ని పిలుస్తోంది. కరెంటు ఇంకా రాలేదు. నేను వీసీపీ దగ్గరికి వంగి, నోటితో కిర్రుమని శబ్దం చేస్తూ పోయాను. చాలాసేపు చేశాను, పదహారు నిమిషాల క్యాసెట్ కదా. చివర్లో వేలితో టక్కుమని కొట్టాను.

"తిప్పినా మామా" అన్నాను.